వెండి బిళ్ళపై బతికున్న నాయకుడి బొమ్మ.. అసలు అది నాణెమేనా?

2024 సెప్టెంబర్. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఇంకా నెలన్నర ఉందనగా డొనాల్డ్ ట్రంప్ ఓ వెండి బిళ్ళను అమ్మకానికి పెట్టారు. ఒక వైపు ఆయన ముఖం, మరో వైపు వైట్ హౌస్. బరువు ఒక ట్రాయ్ ఔన్సు, అంటే మన లెక్కలో 31.1 గ్రాములు. ధర 100 డాలర్లు. తాను రూపకల్పన చేసిన ఏకైక అధికారిక నాణెం ఇదేనని ట్రంప్ ప్రచారం చేసుకున్నారు.

అప్పట్లో మార్కెట్లో ఔన్సు వెండి 30 డాలర్లు, కాస్త అటూ ఇటూ. అంటే 8,400 రూపాయలు పెట్టి కొన్నవారి చేతికి వచ్చిన వెండి విలువ దాదాపు 2,500 రూపాయలు. మిగతా సొమ్మంతా బొమ్మకు, పేరుకు, డబ్బాకు, అమ్మినవారి లాభానికి. అభిమాని కొనుక్కున్నాడు, అది అతని ఇష్టం, ఇందులో తప్పుపట్టాల్సింది ఏముంది అని అనిపించవచ్చు. నిజమే. చిక్కంతా ఆ 'అధికారిక' అన్న మాటతో, 'నాణెం' అన్న మాటతో వచ్చింది.

అధికారికం అంటే ఎవరి అధికారం? ఆ బిళ్ళను తయారుచేసింది అమెరికా ప్రభుత్వ టంకశాల కాదు. దానిమీద ప్రభుత్వం నిర్ణయించిన ముఖ విలువ లేదు. దుకాణంలో ఇచ్చి సరుకులు కొనలేం, బ్యాంకులో వేసుకోలేం. చట్టం భాషలో అది నాణెం కాదు, పతకం. ట్రంప్ దృష్టిలో అధికారికం కావచ్చు, అమెరికా ఖజానా దృష్టిలో మాత్రం ఓ ప్రైవేటు సరుకు. పోల్చి చూడాలంటే అమెరికా టంకశాల 1986 నుంచి 'సిల్వర్ ఈగల్' అనే నాణెం తెస్తోంది. అదీ ఒక ఔన్సు వెండే. దానిమీద 'ఒక డాలర్' అని రాసి ఉంటుంది. ఎవరూ దాన్ని డాలర్‌గా ఖర్చు చేయరు, ఎందుకంటే లోపలి వెండి విలువే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ చట్టం ప్రకారం అది డబ్బే. పక్కపక్కన పెడితే బరువు ఒకటే, మెరుపు ఒకటే. హోదా మాత్రం వేరు.

ఈ తేడా తెలియక నష్టపోయినవారు ఉన్నారు. ట్రంప్ బొమ్మతో 'ట్రంప్ బక్స్' పేరిట కొన్ని కంపెనీలు నోట్లు, బిళ్ళలు అమ్మాయి. వాటిని నిజమైన డబ్బుగా మార్చుకోవచ్చని నమ్మి వేల డాలర్లు పోసి కొన్నవారు, తీరా బ్యాంకుకు వెళ్తే ఇవి చెల్లవని చెప్పి వెనక్కి పంపేశారని 2023లో అమెరికా మీడియా రాసింది. వారిలో పెద్దవయసు వాళ్ళూ ఉన్నారు. ఆ సరుకుతో ట్రంప్‌కు నేరుగా సంబంధం ఉన్నట్టు ఆ వార్తలు చెప్పలేదు. నాయకుడి ముఖం కనిపించింది, నమ్మేశారు, అంతే.

ఒకే వెండి, ఒకరికి వ్యాపారం, ఇంకొకరికి కేసు

మరి ప్రైవేటు వ్యక్తులు ఇలా నాణెంలాంటి బిళ్ళలు కొట్టి అమ్మడం నేరం కాదా? దీనికి జవాబు అమెరికాలోనే జరిగిన ఇంకో కథలో ఉంది. అందులోనూ వెండి ఉంది, బతికున్న రాజకీయ నాయకుడి బొమ్మ కూడా ఉంది.

బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్ అనే ఆయన 1998లో 'లిబర్టీ డాలర్' మొదలుపెట్టాడు. ప్రభుత్వం అచ్చువేసే కాగితం డబ్బు మీద నమ్మకం లేదు, వెండే అసలైన డబ్బు అన్నది ఆయన వాదన. ఒక ఔన్సు వెండి బిళ్ళ మీద మొదట '10 డాలర్లు' అని, తర్వాత వెండి ధర పెరిగాక '20 డాలర్లు' అని కొట్టించాడు. 2007లో టెక్సాస్‌కు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు రాన్ పాల్ అధ్యక్ష పదవికి పోటీలో దిగారు. ఆయన కూడా బంగారం, వెండి ఆధారంగా ఉండే డబ్బు కావాలని ఏళ్ళ తరబడి మాట్లాడుతున్న మనిషే. ఇంకేముంది, ఆయన ముఖంతో రాగి, వెండి, బంగారు 'రాన్ పాల్ డాలర్లు' వచ్చేశాయి. 2007 నవంబర్‌లో ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లోని లిబర్టీ డాలర్ కార్యాలయం మీద ఎఫ్‌బీఐ దాడి చేసి సరుకంతా ఎత్తుకెళ్ళింది. 2011లో కోర్టు వాన్ నాట్‌హౌస్‌ను దోషిగా తేల్చింది. చివరికి 2014లో ఆరు నెలల గృహ నిర్బంధం, ఆపై ప్రొబేషన్‌తో బయటపడ్డాడు.

అందులో వెండి నకిలీది కాదు. రాన్ పాల్ బొమ్మ వేయడం మీదా కేసు కాదు. వాటిని డబ్బుగా చలామణి చేయమని ప్రోత్సహించడమే నేరమైంది. బిళ్ళ మీద డాలర్ గుర్తు, అసలు నాణేలను పోలిన రూపం, 'దుకాణాల్లో చిల్లరగా ఇవ్వండి' అన్న ప్రచారం. ఇవన్నీ కలిసి కొంప ముంచాయి. అలా వాడటం నేరమని అమెరికా టంకశాల 2006లోనే హెచ్చరించింది కూడా. ట్రంప్ బిళ్ళ అమ్మినవారు ఈ గీత దాటలేదు. ముఖ విలువ వేయలేదు, ఖర్చు పెట్టుకోమని చెప్పలేదు. జ్ఞాపికగా దాచుకోండి అన్నారు. గీతకు ఇవతల ఉంటే వ్యాపారం, అవతల కాలుపెడితే జైలు ముచ్చట.

మరి ప్రభుత్వమే నాయకుడి బొమ్మ వేస్తే?

ఇది ఇంకా పాత గొడవ. 1792లో అమెరికా మొదటి నాణేల చట్టం చేసేటప్పుడు, నాణెం మీద పదవిలో ఉన్న అధ్యక్షుడి తల ఉండాలని సెనేట్ పంపిన బిల్లులో ఉంది. అప్పుడు అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్. ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. రాజును వదిలించుకుని పదేళ్ళు కాలేదు, మళ్ళీ రాజుల అలవాటేనా అని అడ్డుపడ్డారు. అలా వాషింగ్టన్ తల బదులు 'స్వేచ్ఛ' అనే స్త్రీ రూపం వచ్చింది. రోజువారీ వాడే నాణెం మీద ఒక అధ్యక్షుడి ముఖం రావడానికి 1909 దాకా ఆగాల్సి వచ్చింది. అది అబ్రహం లింకన్‌ది, ఆయన పుట్టి వందేళ్ళయిన సందర్భంగా.

నోట్ల సంగతి ఇంకా తమాషా. అంతర్యుద్ధ కాలంలో చిల్లర కరువై అమెరికా ప్రభుత్వం సెంట్ల విలువకు కూడా కాగితం నోట్లు వేసింది. ఆ ముద్రణ శాఖ అధికారి స్పెన్సర్ క్లార్క్ అయిదు సెంట్ల నోటు మీద ఏకంగా తన బొమ్మే వేసుకున్నాడు. 'క్లార్క్' బొమ్మ వేయమన్నారు, ఏ క్లార్కో చెప్పలేదు కాబట్టి తనదే వేసుకున్నాడని ఓ కథ ప్రచారంలో ఉంది. ఏదైతేనేం, కాంగ్రెస్‌కు ఒళ్ళుమండి 1866లో చట్టం చేసింది. నోట్లు, బాండ్ల మీద బతికున్నవారి బొమ్మలు ఉండకూడదు. కానీ ఆ చట్టం కాగితం గురించే చెప్పింది, నాణేల ఊసెత్తలేదు.

ఆ సందులోంచే కొందరు నాయకులు వెండి మీదికెక్కారు. 1921లో అలబామా రాష్ట్ర శతాబ్ది అర డాలర్ మీద అప్పటి గవర్నర్ థామస్ కిల్బీ ముఖం వచ్చింది. అమెరికా నాణెం మీద కనిపించిన మొదటి బతికున్న మనిషి ఆయనే. 1936లో సెనేటర్ జోసెఫ్ రాబిన్సన్, సెనేటర్ కార్టర్ గ్లాస్ బొమ్మలతో అర డాలర్లు వచ్చాయి. గ్లాస్ ఒకప్పుడు ఖజానా శాఖ మంత్రిగా చేసిన మనిషి. తన బొమ్మ వేయడం ఆయనకు ఇష్టం లేదని, చట్టం ఏమైనా అడ్డుపడుతుందేమోనని టంకశాలను అడిగి చూశారని చెబుతారు. చట్టం అడ్డుపడలేదు.

వీటన్నిటిలో పెద్దది 1926 నాణెం. అమెరికా స్వాతంత్ర్యానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో భారీ ప్రదర్శన పెట్టారు. దానికోసం 90 శాతం వెండితో అర డాలర్ స్మారక నాణెం కొట్టారు. దానిమీద జార్జ్ వాషింగ్టన్, ఆయన పక్కనే పదవిలో ఉన్న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్. పది లక్షలకు పైగా కొట్టి, ముఖ విలువకు రెట్టింపుగా ఒక డాలర్‌కు అమ్మకానికి పెట్టారు. జనం తీసుకున్నవి 1,41,120. మిగిలిన 8,59,408 నాణేలు తిరిగి టంకశాలకు చేరాయి, అక్కడ కరిగించేశారు. ప్రదర్శనే సరిగా నడవలేదు, నాణెం మీద బొమ్మ కూడా పలచగా, అరిగిపోయినట్టు ఉందని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. వాషింగ్టన్ పక్కన కూర్చోబెట్టినా కూలిడ్జ్‌కు గిరాకీ రాలేదు మరి.

ఇప్పుడు ఆ చర్చ మళ్ళీ మొదలైంది. 2026లో అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్ళు. ఆ సందర్భంగా ప్రత్యేక డాలర్ నాణెం తేవడానికి వీలిచ్చే చట్టం 2020లో కాంగ్రెస్‌లో పాసైంది. ఆ నాణెం మీద ట్రంప్ బొమ్మ వేసే నమూనాను 2025 అక్టోబర్‌లో అమెరికా ట్రెజరర్ బ్రాండన్ బీచ్ బయటపెట్టారు. ముందు వైపు ట్రంప్ ముఖం, వెనక వైపు పిడికిలి బిగించి నిలబడ్డ ట్రంప్. నాణెం వెనక వైపు బతికున్నవారి చిత్రం ఉండకూడదని అదే చట్టం అంటోంది. ఈ నిబంధనను ఎలా అర్థం చేసుకోవాలన్న దానిమీదే వాదోపవాదాలు నడిచాయి. ఇది వెండి నాణెం ప్రతిపాదన కాదు. కానీ 2024లో అమ్మిన ప్రైవేటు బిళ్ళకు, దీనికి మధ్య దూరం చాలా ఎక్కువ. అది ఒక వ్యక్తి తన పేరు అమ్ముకోవడం. ఇది దేశం తన డబ్బు మీద అతని ముఖం వేయడం.

ఖుత్బా, సిక్కా

నాణెం మీద పేరుకు ఇంత పట్టింపు ఎందుకో హైదరాబాద్ వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పాత రోజుల్లో రాజ్యం ఎవరిదో తెలిపే గుర్తులు రెండు. జుమా ఖుత్బాలో ఎవరి పేరు చదువుతారు, సిక్కా మీద ఎవరి పేరు ఉంటుంది. పేరు మారిందంటే పాలకుడు మారాడన్నమాట. ముఖం మాత్రం ముస్లిం పాలకుల నాణేల మీద అరుదు. ఖలీఫా అబ్దుల్ మలిక్ మొదట కత్తి పట్టి నిలబడ్డ తన రూపంతోనే దీనార్లు కొట్టించాడు. హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, ఆ బొమ్మ తీసేసి అక్షరాలతో మాత్రమే ఉండే దీనార్ తెచ్చాడు. పదవిలో ఉన్న పాలకుడు తన బొమ్మను తానే తీసేసుకోవడం చరిత్రలో తరచూ కనిపించే విషయం కాదు. మన దేశంలో జహంగీర్ దారి వేరు. తన చిత్రంతో బంగారు మొహర్లు కొట్టించి దగ్గరివారికి ఇచ్చాడు. వాటిలో చేతిలో మధుపాత్రతో ఉన్నవీ ఉన్నాయి.

నిజాములు 1857 దాకా మొఘల్ చక్రవర్తి పేరు మీదే నాణేలు కొట్టారు. ఢిల్లీలో బహదూర్ షా జఫర్ పాలన ముగిశాక ఆ పేరు పోయి ఆసఫ్ జా పేరు వచ్చింది. దానిపైన 92 అంకె. అక్షరాల లెక్కలో అది 'ముహమ్మద్' అన్న పేరు విలువ. తర్వాత మహబూబ్ అలీ ఖాన్ కాలంలో యంత్రాలతో కొట్టిన చార్మినార్ సిక్కాలు వచ్చాయి. చార్మినార్ ద్వారం మధ్యలో జాగ్రత్తగా చూస్తే 'మీమ్' అక్షరం కనిపిస్తుంది, మహబూబ్‌లోని మొదటి అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక అక్కడ 'ఐన్' వచ్చింది. రాజ్యం మొత్తానికీ యజమాని, ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడని పేరు. ఆ నాణెం మీద ఆయనకు దక్కింది ఒక గుమ్మం, అందులో ఒక అక్షరం.

అదే సమయంలో బ్రిటిష్ ఇండియా రూపాయి మీద మాత్రం గద్దె మీదున్న రాజు తల ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక, రిపబ్లిక్ అయ్యాక 1950లో ఆ తల స్థానంలో అశోకుడి సింహాలు నిలిచాయి. మొదటి స్మారక నాణెం 1964లో నెహ్రూ మీద వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఆయన చనిపోయిన తర్వాతే. 1969లో గాంధీజీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం. వాజ్‌పేయి 2018 ఆగస్టులో చనిపోతే డిసెంబర్‌లో వంద రూపాయల నాణెం. కరుణానిధిది 2024లో. ఎన్టీఆర్ శతజయంతి నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు, ఆయన చనిపోయిన 27 ఏళ్ళకు. పోస్టల్ స్టాంపుల విషయంలో ఇంత పట్టుదల లేదు. రాజేంద్ర ప్రసాద్, వి.వి. గిరి బతికుండగానే వారి మీద స్టాంపులు వచ్చాయి. స్టాంపు చించి అతికిస్తే పోతుంది, నాణెం పోదు అనుకున్నారో ఏమో.

ఈ మధ్య కాలంలో గీతకు దగ్గరగా వచ్చిన నాణెం ఒకటి ఉంది. ప్రధాని మోదీ రేడియో కార్యక్రమం 'మన్ కీ బాత్' వందో ఎపిసోడ్ సందర్భంగా 2023 ఏప్రిల్‌లో వంద రూపాయల స్మారక నాణెం ప్రకటించారు. పదవిలో ఉన్న ప్రధాని కార్యక్రమానికి నాణెం అన్నమాట. కానీ దానిమీద ఆయన ముఖం లేదు, మైక్రోఫోన్ బొమ్మ ఉంది. మన నాణేల చట్టం, 2011 ప్రకారం స్మారక నాణెం అంటే ఒక ప్రత్యేక సందర్భానికో సంఘటనకో గుర్తుగా ప్రభుత్వం కొట్టేది, విలువ రూపాయల్లో ఉండేది. మైకు ఆ నిర్వచనంలో చక్కగా ఇమిడింది. మైకు ఎవరిదో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

జేబు లెక్క

ప్రభుత్వ నాణెమైనా ధర దగ్గర కళ్ళు తెరిచి చూడాల్సిందే. ఎన్టీఆర్ నాణెం బరువు 35 గ్రాములు. అందులో వెండి సగం, రాగి 40 శాతం, నికెల్, జింక్ చెరో 5 శాతం. అంటే వెండి 17.5 గ్రాములు. ఆ నాణెం విడుదలైనప్పుడు గ్రాము వెండి 75, 80 రూపాయల మధ్య ఉంది. లెక్కేస్తే లోపలి వెండి 1,300 నుంచి 1,400 రూపాయలు. నాణెం మీద రాసింది 100 రూపాయలు. కొన్నవారు ప్యాకింగ్‌ను బట్టి ఇచ్చింది నాలుగు వేల పైచిలుకు. ఒకే వస్తువుకు మూడు విలువలు. చాలామంది ఇందులో మూడోదే అసలు విలువ అనుకుంటారు. రేపు అమ్మేటప్పుడు అంత రావాలంటే నాణేలు సేకరించేవాళ్ళో, ఎన్టీఆర్ అభిమానో దొరకాలి.

ట్రంప్ బిళ్ళ లెక్క కూడా పూర్తి చేయాలి. 2025లో వెండి ధర బాగా ఎగిసింది, అక్టోబర్‌లో ఔన్సు 50 డాలర్లు దాటింది. చూశారా, కొన్నవాళ్ళు లాభపడ్డారు అని ఎవరైనా అనొచ్చు. 100 డాలర్లు పెట్టినవారి చేతిలో అప్పటికీ ఉన్న వెండి 50 డాలర్లదే. అదే 100 డాలర్లకు 2024 సెప్టెంబర్‌లో బొమ్మ లేని సాదా వెండి కొని ఉంటే మూడు ఔన్సుల దాకా వచ్చేది, ఏడాదికల్లా 150 డాలర్లయ్యేది. పెరిగింది వెండి, బొమ్మ కాదు.

మన దగ్గర నగల దుకాణాల్లో నాయకుల బొమ్మలతో అమ్మే వెండి బిళ్ళలకూ ఇదే లెక్క. పెళ్ళికో, పుట్టినరోజుకో, పార్టీ పెద్దలకు బహుమతిగానో కొంటుంటారు. వాటిని 'నాణెం' అని పిలిచినా అవి వెండి సామాను కిందకే వస్తాయి. ధరమీద 3 శాతం జీఎస్టీ, ఆపైన మజూరి. బంగారు నగలకున్నట్టు వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. అయితే 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ నంబర్‌తో హాల్‌మార్క్ ఇస్తున్నారు, దుకాణదారు ఇష్టాన్ని బట్టి. కాబట్టి అడిగి తీసుకోవాలి. బిల్లులో బరువు, 999నా 925నా అన్న స్వచ్ఛత, తిరిగి అమ్మితే ఎంత తరుగు తీస్తారన్నది రాయించుకోవడం మంచిది. వెండి పూత పూసిన బిళ్ళలు కూడా అచ్చం ఇలాగే మెరుస్తాయి.

ఇక్కడే ఒక తేడా గుర్తుంచుకోవాలి. ప్రైవేటు బిళ్ళ నచ్చకపోతే కరిగించి పట్టీలు చేయించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ప్రభుత్వ నాణేన్ని కరిగించడం మాత్రం నాణేల చట్టం ప్రకారం నేరం, జైలు శిక్ష దాకా ఉంది. అందుకే ఎన్టీఆర్ నాణేన్ని ఎప్పుడైనా అమ్ముకోవాలనుకునేవారు దాన్ని గుల్జార్ హౌజ్ దగ్గర వెండి కరిగించే కొట్టుకు తీసుకెళ్ళకూడదు. డబ్బా, దానితో వచ్చిన కాగితాలు పోకుండా దాచుకుని నాణేల సేకర్తలను వెతుక్కోవాలి.